ఆవకాయ పెట్టిన రోజున నాక్సోస్

ఏప్రిల్ చివరి ఆదివారం, రాత్రి పదిన్నర.

ఉదయం ఏడింటికే మావారు బజారుకు వెళ్లి ఇరవై ఐదు మామిడికాయలు ముక్కలు కొట్టించి తెచ్చారు. జీడి తీసి, టెంకకు అంటుకున్న పలుచని పొరను ఊడదీసి, ఒక్కొక్క ముక్కనూ పొడిగుడ్డతో తుడిచే పని అమ్మా నేనూ పంచుకున్నాము. అదే భోజనాల బల్ల మీద రెండో చివర ల్యాప్‌టాప్ తెరిచి పెట్టుకోవడం నా తొందరపాటే. ఇప్పుడు ఈ నాలుగు మాటలు రాసుకుంటూ ఉంటే మీటల సందుల్లోంచి ఆవపిండి ఘాటు ముక్కుకు తగులుతోంది. అయితే సెప్టెంబరులో గ్రీసు ప్రయాణానికి వీసా దరఖాస్తు ఈ వారమే ఇవ్వాలి, దానితో పాటు బస కాగితాలూ విమానం టిక్కెట్లూ జతచేయాలి, ఆఫీసు లేని రోజు నాకు వారానికి ఈ ఒక్కటే.

గ్రీసు దీవి అన్న మాట వచ్చిన నాటి నుంచి మా ఇంట్లో ఒక్క శాంతోరిని పేరే వినబడుతోంది. తెల్లటి గోడలు, నీలి గుమ్మటాలు, కింద ఎక్కడో సముద్రం ఉన్న బొమ్మను మావారు ఫోను తెర మీద పెట్టుకుని ఏడాది అయింది. ఆ బొమ్మ నాకూ ఇష్టమే. కానీ మూడున్నర వేల ఏళ్ల కిందట అగ్నిపర్వతం పేలి, దీవి నడుమ భాగం సముద్రంలోకి కుంగిపోగా మిగిలిన అంచు మీద ఆ ఊళ్లు కట్టుకున్నారు కాబట్టి, అక్కడి అందానికి ఏది కారణమో అక్కడి మెట్లకూ అదే కారణం. పాత రేవు నుంచి ఫిరా ఊరికి దాదాపు 600 మెట్లు ఉన్నాయి. వాటిని తప్పించడానికి కేబుల్ కారు ఉన్నా, పైకి చేరాక గదికి వెళ్లాలన్నా కాఫీకి వెళ్లాలన్నా మళ్లీ మెట్లే. ఒకప్పుడు తిరుమల కొండకు నడిచి వెళ్లిన అమ్మ మోకాళ్లు ఇప్పుడు మా మేడ మెట్లకే మొరాయిస్తున్నాయి. ఆమెను గదిలో కూర్చోబెట్టి మేమిద్దరం సూర్యాస్తమయం చూసి రావడానికి అంత దూరం వెళ్లనక్కరలేదని నేను గట్టిగానే అన్నాను. మావారు కాసేపు మౌనంగా ముక్కలు తుడిచి, "సరే, నువ్వే చూడు" అన్నారు.

నేను ఎప్పుడో చూసి పెట్టుకున్నది నాక్సోస్. సైక్లడీస్ అని పిలిచే దీవుల గుంపులో అన్నిటికన్నా పెద్దది ఇదే. ఓడ దిగిన చోటనే ఊరు ఉంటుంది, సముద్రం ఒడ్డున చదునైన బాట ఉంటుంది, ఆ ఊరి చివరనే ఆగియోస్ జార్జియోస్ అనే తీరం, అందులో చాలా దూరం వరకు మోకాలి లోతే నీళ్లు. ఊరి నడుమ గుట్ట మీద 1207 తర్వాత వెనీసు వాళ్లు కట్టుకున్న కోట ఒకటి ఉంది, దాని మెట్లు మేమిద్దరం ఎక్కుతాము. అమ్మకు నేను చూపించాలనుకుంటున్నది మాత్రం రేవు పక్కనే ఉన్న పోర్తారా. క్రీ.పూ. 530 ప్రాంతంలో లిగ్దమిస్ అనే ఏలిక మొదలుపెట్టించిన గుడికి అది వాకిలి. గుడి పూర్తి కాలేదు, ఆరు మీటర్ల ఎత్తున పాలరాతి ద్వారబంధం ఒక్కటే సముద్రం వైపు తెరుచుకుని నిలబడి ఉంది. బొమ్మ చూపించగానే అమ్మ, "లేపాక్షిలో కల్యాణ మండపం కూడా ఇట్లాగే ఆగిపోయింది కదే, కట్టించిన వాడికి ఏమైందట?" అని అడిగింది. ఆ పాలకుణ్ణి గద్దె దింపేశారని చెప్పాను. అదే దీవికి ఉత్తరాన అపొలోనాస్ దగ్గరి రాతి గనిలో పది మీటర్లకు పైగా పొడవున్న విగ్రహం ఒకటి సగం చెక్కడంలో వదిలేస్తే వెల్లకిలా పడుకునే ఉందని కూడా చెబితే, ఈ ఊళ్లో మొదలుపెట్టిన పని పూర్తి చేసే అలవాటు లేదేమో, గది బుక్ చేసేటప్పుడు కొళాయిలు పని చేస్తాయో లేదో కనుక్కోమంది.

ఉదయం పదకొండు గంటలకు జరిగిన సంగతి రాయాలంటే సిగ్గుగానే ఉంది. నాక్సోస్ అని కొట్టి గదులు వెతుకుతూ ఉంటే, మిగతావాటిలో సగం ధరకే సముద్రం కనిపించే గది ఒకటి దొరికింది. లిఫ్టు ఉంది, ఉదయం ఫలహారం ఉంది, చివరి వారం దాకా రద్దు చేసుకోవచ్చునని కూడా ఉంది. ఇంకెవరైనా తన్నుకుపోతారన్న భయంతో కార్డు నంబరు కొట్టేసి, గొప్పగా ల్యాప్‌టాప్‌ను అమ్మ వైపు తిప్పాను. ఎర్రటి చేతులు దూరంగా పెట్టుకుని, మెడ ముందుకు చాచి, కళ్లజోడు పై నుంచి ఆ బాల్కనీ బొమ్మను చూసి, "ఈ కొండ మీంచి పొగ వస్తోందేమే?" అంది. మబ్బు అన్నాను. "మబ్బు శిఖరంలోంచి పుట్టదు" అంది. బొమ్మను పెద్దది చేసి చూస్తే అది నిజంగా పొగే. నాక్సోస్‌లో అన్నిటికన్నా ఎత్తైన జాస్ కొండ వెయ్యి మీటర్లకు కాస్త పైన ఉంటుంది. అది పాలరాయీ సున్నపురాయీ తప్ప నిప్పు ఎరుగదు. నేను బుక్ చేసినది ఇటలీలోని సిసిలీ దీవిలో, ఎట్నా అగ్నిపర్వతం ఎదుట ఉన్న జార్దీని నాక్సోస్ అనే ఊళ్లో! క్రీ.పూ. 734 ప్రాంతంలో గ్రీకులు సిసిలీకి వలస వెళ్లి మొట్టమొదట కట్టుకున్న ఊరది, పేరు కూడా వెంట తీసుకుపోయారు. ఊరి పేరును మూటగట్టుకుని పోవడం మనవాళ్లకూ ఉన్నదే గాని, ఇరవై ఏడు శతాబ్దాల తర్వాత అది నా కార్డుకు చుట్టుకుంటుందని ఎవరనుకున్నారు? రద్దు చేశాను, డబ్బు వెనక్కు వస్తుందని సందేశం వచ్చింది. మావారు మధ్యాహ్నం దాకా నన్ను ఎట్నా అనే పిలిచారు.

ఈ దెబ్బతో మిగిలినవన్నీ రెండేసి సార్లు చూసుకున్నాను. జులై, ఆగస్టుల్లో ఆ సముద్రం మీద మెల్తెమి అనే ఉత్తరపు గాలి రోజుల తరబడి వీస్తుంది కాబట్టి, అది తగ్గి నీళ్లలో వెచ్చదనం ఇంకా మిగిలి ఉండే సెప్టెంబరు రెండో సగమే మాకు కుదిరింది. ఏథెన్సు రేవు పిరయస్ నుంచి వేగంగా పోయే పడవ మూడున్నర, నాలుగు గంటల్లో చేరుస్తుంది, పెద్ద ఓడకు అయిదు గంటలు దాటుతుంది, అయినా పెద్ద ఓడే మేలనుకున్నాను. చిన్నది అలల మీద ఎగిరెగిరి పడుతుంది, పెద్దదానిలో డెక్కు మీద కూర్చుని దీవులు ఒక్కొక్కటే దాటిపోతుంటే చూడవచ్చు. గాలి మరీ ముదిరితే రేవు అధికారులు ఓడలను అసలు కదలనివ్వరు, ఆ నిషేధానికి అక్కడ అపగొరెఫ్తికో అని పేరు. అందువల్ల నాక్సోస్‌లో ఆరు రాత్రులు అనుకున్నవాటిలో ఒకటి తగ్గించి, తిరుగు విమానానికి ముందు రాత్రి ఏథెన్సులో ఉండేట్టు మార్చాను. ఆ ఒక్క రాత్రి కోసం మావారూ నేనూ అరగంట వాదించుకున్నాము. ఓడ దిగి నేరుగా విమానం ఎక్కుదామనే ధైర్యం నాకు లేదు.

వీసా గురించి రాయడానికి ఎక్కువ లేదు. మనిషికి 90 యూరోలు, కనీసం 30,000 యూరోలకు వైద్య బీమా, బ్యాంకు లెక్కలు, వేలిముద్రలు. అమ్మ వేలిముద్రలు ఆధార్‌కే రెండుసార్లు పడలేదు, అదొక్కటే బెంగ.

కారం, ఉప్పు, ఆవపిండి కలిపి ముక్కలకు నూనె పట్టిస్తూ ఉండగా తిండి ప్రస్తావన వచ్చింది. అక్కడి ఫావా మన ముద్దపప్పుకు చుట్టమేనని, మీద ఉల్లిపాయ ముక్కలూ ఆలివు నూనే వేస్తారని చెప్పాను. వాళ్ల మతంలో ఉపవాసాలు ఎక్కువ కాబట్టి, నిస్తీసిమో అని అడిగితే మాంసం, పాలు, గుడ్లు లేని వంటలు చూపిస్తారు. కాకపోతే ఆ ఉపవాసంలో రొయ్యలకూ ఆక్టోపస్‌కూ అభ్యంతరం లేదు కనుక ఆ మాట ఒక్కటే నమ్ముకుని పళ్లెంలో చెయ్యి పెట్టకూడదు. హాల్కి అనే పల్లెలో దబ్బజాతి చెట్టు ఆకులతో కిత్రోన్ అనే మద్యం తీస్తారు, 1896 నాటి బట్టీ ఇప్పటికీ ఉంది. అమ్మ పట్టించుకున్నది మద్యాన్ని కాదు. "ఆకులు సరే, కాయలేం చేస్తారు?" అని అడిగింది. పాకంలో వేసి చెంచాతో తినే మిఠాయి చేస్తారంటే, ఊరగాయ పెట్టడం తెలియదు కాబోలు, పాపం, అని జాలిపడింది.

దాంతో చిన్న సీసాడు ఆవకాయ వెంట తీసుకువెళ్లాలని తీర్మానం అయింది. నియమాలు చూశాను. ఆవకాయకు ఇబ్బంది లేదు, నెయ్యి మాత్రం పాల పదార్థం, యూరపు బయటి నుంచి వచ్చేవాళ్లు సామానులో తేకూడదు. ఇది విన్నప్పుడు అమ్మ ముఖంలో కనిపించిన నిరాశ శాంతోరిని చేజారినప్పుడు మావారి ముఖంలో కూడా లేదు. నాక్సోస్‌లో ఆవులు చాలానే ఉన్నాయని, అక్కడి గ్రావియెరా జున్ను పేరున్నదని, వెన్న తప్పక దొరుకుతుందని చెప్పి శాంతపరిచాను. గదిలో పొయ్యి ఉందో లేదో చూడమంది, వెన్న కాచుకోవడానికి. అందుకని సాయంత్రం మళ్లీ కూర్చుని, వంటగది ఉన్న చిన్న ఇల్లొకటి, రేవుకు నడిచిపోయేంత దూరంలో, ఈసారి గ్రీసులోనే, బుక్ చేశాను.

జాడీకి వాసెన కట్టి అటక కింద పెట్టాము. బుధవారం ఉదయం తొమ్మిదిన్నరకు వీసా కేంద్రంలో మా ముగ్గురికీ సమయం ఇచ్చారు. ఆవకాయను తిరగ కలపవలసినది కూడా బుధవారమే. తాను అయిదింటికే లేచి కలుపుతానని, వేలిముద్రలు పడకపోతే కారం వల్లనని మాత్రం అనవద్దని అమ్మ ఇందాకే చెప్పి పడుకుంది.