రాత్రి 25:30కి మొదలయ్యే బొమ్మలు

జపాన్ టీవీ పట్టికల్లో అర్ధరాత్రికి రోజు ముగిసిపోదు. సోమవారం బాగా పొద్దుపోయాక, గడియారం ప్రకారం మంగళవారం ఒంటిగంటన్నరకు మొదలయ్యే కార్యక్రమాన్ని అక్కడ సోమవారం 25:30 అని వేస్తారు. చూసేవాడు ఇంకా పడక ఎక్కలేదు కనుక వాడికి తేదీ మారలేదనే లెక్క అది. అమెరికా పట్టికలకూ ఈ తెలివి ఉండి ఉంటే 2003లో నా వీడియో క్యాసెట్టు ఒకటి దండగ అయ్యేది కాదు.

అప్పుడు నేను అమెరికాలో ఎమ్మెస్ మొదటి సెమిస్టరులో ఉన్నాను. నలుగురం కలిసి అద్దెకున్న ఇంట్లో, మాకు ముందున్నవాళ్లు వదిలేసి వెళ్లిన టీవీ ఒకటీ, దానికన్నా పాత వీసీఆర్ ఒకటీ ఉండేవి. సోమవారం రాత్రుళ్లు నాకు లైబ్రరీలో డ్యూటీ. ఆ రాత్రి పన్నెండు దాటాక వచ్చే ‘కౌబాయ్ బీబాప్’ అనే యానిమే (జపాన్‌లో తీసిన కార్టూన్ సిరీస్) భాగం కోసం, సోమవారం 12:30 అని వీసీఆర్‌కు చెప్పి, నిశ్చింతగా వెళ్లిపోయాను. యంత్రం తన ధర్మం తాను తు.చ. తప్పకుండా పాటించి, ఆదివారం అర్ధరాత్రి దాటిన అరగంటకే, అంటే నాకు కావలసిన దానికి సరిగ్గా ఒక రోజు ముందే, రికార్డింగు ముగించేసింది. టేపు వేసి చూస్తే వేరే హాస్య కార్టూన్లు కనిపించాయి. అర్ధరాత్రి ప్రేక్షకుడికి తిథి, వారం రెండూ వేరేగా నడుస్తాయన్న సంగతి నాకు ఆ రోజే బోధపడింది.

నేను చూస్తున్నది అడల్ట్ స్విమ్. పగలంతా పిల్లల కార్టూన్లు వేసే కార్టూన్ నెట్‌వర్క్ చానెలే రాత్రి కాగానే ఆ పేరు పెట్టుకుని మరో చానెల్ అయిపోయేది. అమెరికాలో పబ్లిక్ ఈత కొలనుల దగ్గర మధ్యమధ్య ఈలవేసి పిల్లల్ని ఒడ్డుకు పంపించి, కాసేపు పెద్దవాళ్లను మాత్రమే ఈదనిచ్చే ఆనవాయితీ ఉంది. పేరు దాన్నుంచే వచ్చింది. మొదట్లో కార్యక్రమాల మధ్య ముసలివాళ్లు కొలనులో నిదానంగా మునిగి తేలే దృశ్యాలు వేసేవారు. నేను చూసే నాటికి అవి పోయి, నల్లని తెర మీద తెల్లని చిన్న అక్షరాల్లో నాలుగు ముక్కలు మాత్రం వచ్చేవి. గొంతు ఉండదు, అరుపులు ఉండవు, వెనక తక్కువ స్థాయిలో ఏదో సంగీతం. ప్రేక్షకులు రాసిన ఫిర్యాదుకు వెటకారంగా జవాబు చెప్పడమో, ఫలానా సిరీస్ ఇన్ని వారాల్లో అయిపోతుందని ఒప్పుకోవడమో ఉండేది. పగటి టీవీ మనకు ఏదో అమ్మజూస్తున్నట్టు మాట్లాడుతుంది. ఆ నల్ల తెర మాత్రం నిద్రపట్టని పక్కింటివాడు గోడ మీద చెయ్యి ఆనించి మాట్లాడినట్టు ఉండేది.

అడల్ట్ స్విమ్ 2001 సెప్టెంబరు 2న మొదలైంది. మొదటి రాత్రే ‘కౌబాయ్ బీబాప్’ వేశారు. తొమ్మిది రోజులకు న్యూయార్క్‌లో జంట టవర్లు కూలాయి. ఆకాశహర్మ్యాలను పేల్చే పిచ్చివాడి కథ ఉన్న భాగంతో సహా కొన్నింటిని ఆ మొదటి విడతలో పక్కన పెట్టి, తరువాత ఎప్పుడో చూపించారు. అర్ధరాత్రి టీవీకి కూడా పగటి లోకపు దెబ్బ తగిలిన సందర్భం అది.

ఇన్ని కార్టూన్లను పగలే వేసుకోగల చానెల్ వీటిని రాత్రికి ఎందుకు నెట్టిందని అడిగేవాళ్లు, పగలు వేసినప్పుడు ఏమయ్యేదో ఒకసారి చూడాలి. నాకు ఎప్పుడు తలచుకున్నా నవ్వొచ్చే ఉదాహరణ ‘డ్రాగన్ బాల్ జీ’ అనే యానిమేలోది. చనిపోయిన కథానాయకుడు గోకూ పరలోకంలో దారితప్పి నరకంలో పడతాడు. అక్కడ కాపలా ఉండే రాక్షసుల బనియన్ల మీద ఇంగ్లీషులో ‘హెల్’ అని పెద్ద అక్షరాలతో రాసి ఉంటుంది. అమెరికా పిల్లలు ఆ మాట చదవకూడదని అక్కడివాళ్లు ‘ఈ’ అక్షరం అడుగు గీత చెరిపి ‘ఎఫ్’ చేశారు, దాని పక్కనున్న ‘ఎల్’ అడుగు గీత చెరిపి ‘ఐ’ చేశారు. వచ్చినది ‘హెచ్ ఎఫ్ ఐ ఎల్’. దానికి ‘హోమ్ ఫర్ ఇన్ఫినిట్ లూజర్స్’ అని, అంటే ఎన్నటికీ గెలవనివాళ్ల వసతిగృహం అని అర్థం కల్పించి పాత్ర చేత చెప్పించారు. రెండు గీతలు చెరిపి నరకాన్ని హాస్టల్ చేసిన ఘనత టీవీ చరిత్రలో మరొకరికి ఉందని నేను అనుకోను.

‘గుండమ్ వింగ్’ అనే యుద్ధ యానిమే సంగతి ఇంకా స్పష్టంగా ఉంటుంది. కార్టూన్ నెట్‌వర్క్‌లోనే 1997 నుంచి టూనామీ అనే విభాగం మధ్యాహ్నాలు నడిచేది. 2000 మార్చిలో ‘గుండమ్ వింగ్’ను అందులో మధ్యాహ్నం ఒక రూపంలో, అర్ధరాత్రి మరో రూపంలో వేశారు. మధ్యాహ్నపు రూపంలో రక్తం ఉండదు, ‘చంపుతాను’ అనవలసిన చోట ‘నాశనం చేస్తాను’ అంటారు, తనను మృత్యుదేవతగా చెప్పుకునే డువో అనే కుర్రవాడు ‘మహా విధ్వంసకుడు’ అయిపోతాడు. రాత్రి రూపంలో కత్తెర లేదు. ఒకే చానెల్, ఒకే రోజు, ఒకే భాగం. యుద్ధం అంటే మనుషులు చావడమని తెలియాలంటే పన్నెండు దాకా మేలుకోవాలి. ఇక్కడ చట్టం ఒక్కదాన్నే తప్పుపట్టడం సరికాదు. రాత్రి పది నుంచి పొద్దున ఆరు దాకా సడలింపు ఇచ్చే ప్రభుత్వ నియమం గాలిలో ఉచితంగా వచ్చే ప్రసారాలకే కానీ కేబుల్ చానెళ్లకు వర్తించదు. కేబుల్ వాళ్లను పట్టి ఉంచేది ప్రకటనదారులూ, ఫోను చేసి నిలదీసే తల్లిదండ్రులూను. ఆ ఇద్దరూ నిద్రపోయే వేళను చూసి కథలను యథాతథంగా వదిలేవారు.

ఇదే గొడవ జపాన్‌లోనూ ఉందని తెలిసినప్పుడు నాకు ఆశ్చర్యం వేసింది. షినిచిరో వటనబే దర్శకత్వం వహించిన ‘బీబాప్’ను 1998 ఏప్రిల్‌లో టీవీ టోక్యో సాయంత్రం వేళ మొదలుపెట్టి, 26 భాగాల్లో సగం కూడా వేయకుండా జూన్‌లో ఆపేసింది. హింస, నేరం మోతాదు ఆ వేళకు మించిపోయింది. పూర్తి కథ అదే ఏడు అక్టోబరు నుంచి వౌవౌ అనే పే చానెల్‌లో, మళ్లీ నడిరాత్రే, వెలుగు చూసింది. అంతకుముందు సాయంత్రాలు వచ్చిన ‘ఎవాంజెలియన్’ అనే సిరీస్‌ను 1997లో అర్ధరాత్రి దాటాక పునఃప్రసారం చేస్తే ఆ వేళకు ఎవరూ ఊహించనంతమంది చూశారు. ఆ తరువాత అక్కడ అర్ధరాత్రి యానిమే ఒక వ్యాపారంగా కుదురుకుంది. ఆ వ్యాపారం తీరు కూడా చిత్రమైనది. పుస్తక ప్రచురణకర్త, సంగీత సంస్థ, డీవీడీలు అమ్మేవాళ్లు కలిసి ‘నిర్మాణ సమితి’గా ఏర్పడి, ఎవరికీ అక్కరలేని ఆ వేళను చానెల్ దగ్గర డబ్బిచ్చి కొనుక్కుంటారు. ప్రసారం వల్ల వచ్చే రాబడి మీద వాళ్లకు ఆశ లేదు. చూసినవాడు రేపు డీవీడీ కొంటాడన్నదే అప్పటి లెక్క. అంటే 25:30కి వచ్చిన ప్రతి భాగమూ ఒక విధంగా ఇరవై నాలుగు నిమిషాల ప్రకటన. ప్రకటన కోసం తీసినవాటిలో ఇంత కళ ఎలా పట్టిందో నాకు ఇప్పటికీ అంతుపట్టదు.

‘బీబాప్’ మొదటి భాగంలోనే ఒక చిన్న దృశ్యం ఉంది. అంతరిక్ష నౌకలో జెట్ అనే పెద్దాయన మూకుడులో వంట చేసి, కాప్సికమ్, గొడ్డుమాంసం వేపుడని చెప్పి వడ్డిస్తాడు. అతని జోడీ స్పైక్ పళ్లెంలోకి చూసి, ఇందులో మాంసమేది అని అడుగుతాడు. లేదు. డబ్బులు లేనప్పుడు మాంసం లేని కూరను కూడా అదే పేరుతో పిలుస్తారని, వాదన కొంత నడుస్తుంది. నేరస్థులను పట్టిచ్చి బతికే ఇద్దరు మనుషుల దరిద్రం, స్నేహం, అలవాటుపడిన చిరాకు, అన్నీ ఆ పళ్లెంలోనే కనిపిస్తాయి. తుపాకులు ఆ తరువాత. పగటి వేళకు పనికిరాదనుకున్న కథలో నన్ను కట్టిపడేసినది రక్తం కాదు, ఈ వేపుడు. పిల్లలకు దీన్ని దాచవలసిన అవసరం ఏమీ లేదు. కానీ నెలాఖరున చేతిలో చిల్లర లెక్కపెట్టుకున్న మనిషికి ఇది తగిలినట్టు మరొకరికి తగలదు. ఆ వేళకు మేలుకుని ఉండేది ఎక్కువగా అలాంటివాళ్లే.

ఇంగ్లీషు డబ్బింగు గురించి ఒక మాట. జపనీస్ గొంతులే వినాలనీ, డబ్బింగు అపచారమనీ నమ్మే పెద్దల వర్గం ఒకటి ఉంది. ‘బీబాప్’ దగ్గర నేను వాళ్లతో ఏకీభవించలేను. మేరీ ఎలిజబెత్ మెక్‌గ్లిన్ దర్శకత్వంలో స్టీవ్ బ్లూమ్ స్పైక్‌కు ఇచ్చిన గొంతులో, నిద్రలేచి గంటయినా ఇంకా లేవని మనిషి బద్ధకం ఉంటుంది. యోకో కన్నో జాజ్ సంగీతానికి అది ఒదిగినట్టు మరేదీ ఒదగదు. టూనామీ కార్యక్రమాలను పరిచయం చేసే టామ్ అనే రోబోకు కూడా ఆయనదే గొంతు కావడంతో, ఒక తరం అమెరికన్ కుర్రకారుకు మధ్యాహ్నమూ అర్ధరాత్రీ ఒకే మనిషి కథ చెప్పినట్టయింది.

పరాయి దేశపు రాత్రి ప్రేక్షకులు కేవలం చూసి ఊరుకోలేదనడానికి ‘బిగ్ ఓ’ సాక్ష్యం. జ్ఞాపకాలు పోగొట్టుకున్న నగరం, అందులో ఒక మధ్యవర్తి, అతని దగ్గరున్న బ్రహ్మాండమైన యంత్రం. దీన్ని 26 భాగాలుగా తలపెట్టి, జపాన్‌లో ఆదరణ లేక 13తో ఆపేశారు. కథ నట్టేట ఆగిపోయింది. 2001లో కార్టూన్ నెట్‌వర్క్‌లో వస్తే అమెరికాలో పట్టుకుంది. దాంతో ఆ చానెలే నిర్మాణంలో భాగం పంచుకుని మిగతా 13 భాగాలు తీయించింది. అవి 2003లో వచ్చాయి. సొంత ఊరు వదిలేసిన కథను పొరుగూరు చందాలు వేసుకుని పూర్తిచేయించినట్టు. ముగింపు అర్థమైందా అని నన్ను అడగవద్దు. మా ఇంట్లో నలుగురికీ నాలుగు విధాలుగా అర్థమైంది, తెల్లవారుజామున మూడింటి దాకా వాదించుకున్నాం.

యూరప్ దారి వేరు. ఫ్రాన్స్‌లోనూ ఇటలీలోనూ 1978లోనే ‘గ్రెండైజర్’ అనే జపాన్ రోబో కథ పిల్లల కార్యక్రమంగా వచ్చి ఊపేసింది, కాబట్టి అక్కడ యానిమే అంటే బాల్యం. అమెరికాలో కూడా అరవైల నుంచీ ‘ఆస్ట్రో బాయ్’ లాంటివి వచ్చినా, చాలామంది పిల్లలకు అవి జపాన్‌వని తెలియను కూడా తెలియదు. పేరూ ఊరూ దాచకుండా, పెద్దవాళ్ల కోసమని చెప్పి, వారం వారం ఒక వేళకు కూర్చోబెట్టిన అలవాటు అడల్ట్ స్విమ్‌తోనే గట్టిపడింది. 2004 నవంబరులో ‘ఫుల్‌మెటల్ ఆల్కెమిస్ట్’, ‘ఘోస్ట్ ఇన్ ద షెల్: స్టాండ్ అలోన్ కాంప్లెక్స్’ వచ్చాక శనివారం రాత్రి మా ఇంటికి ఎవరు వచ్చినా మాట్లాడకుండా కూర్చోవలసి వచ్చేది.

తరువాతిది వేగంగా జరిగింది. డీవీడీ అమ్మకాలు పడిపోయాయి, వాటి మీద బతికిన అమెరికన్ సంస్థలు ఒక్కొక్కటే తలుపులు మూశాయి. 2008 సెప్టెంబరులో టూనామీని ఆపేశారు. 2012 ఏప్రిల్ 1న, ఏప్రిల్ ఫూల్ వేళాకోళంగా, టామ్ మళ్లీ తెర మీదకు వచ్చి ఆ రాత్రంతా పాత సిరీస్‌లు వేశాడు. వేళాకోళాన్ని ప్రేక్షకులు నిజం చేయమని ట్విటర్‌లో పట్టుబడితే, మే 26 నుంచి శనివారం అర్ధరాత్రుళ్లు టూనామీ నిజంగానే తిరిగి వచ్చింది. 2014 జనవరి 4న వటనబే కొత్త సిరీస్ ‘స్పేస్ డాండీ’ మొదటి భాగం ఇంగ్లీషులో అమెరికా రాత్రికి ముందుగా వచ్చి, జపాన్‌లో కొన్ని గంటల తరువాత వచ్చింది. ఏళ్లు ఆలస్యంగా అందుకోవడానికి అలవాటుపడిన మాకు అది తలకిందుల వ్యవహారంలా తోచింది.

ఇప్పుడు వేళ అనేదే లేదు. క్రంచీరోల్ అనే ఇంటర్నెట్ ప్రసార సంస్థ 2009 నుంచి జపాన్ ప్రసారాలను అదే రోజు ఉపశీర్షికలతో ఇవ్వడం మొదలుపెట్టాక, టోక్యో 25:30 అంటే న్యూయార్క్‌లో చలికాలమైతే పొద్దున పదకొండున్నర, వేసవైతే మధ్యాహ్నం పన్నెండున్నర. నడిరాత్రి కోసం తీసిన కథను నేను ఆఫీసులో భోజనం చేస్తూ చూస్తున్నాను. మొన్నటి భాగంలో ఒక సన్నివేశం మొత్తం దీపం లేని గదిలో నడిచింది. కిటికీ వెలుతురు పడి ఫోన్ తెర మీద నా మొహం తప్ప ఏమీ కనిపించలేదు. తింటున్న చెయ్యి ఆపి, రెండో అరచేతిని తెరకు అడ్డుపెట్టి, ఆ కాస్త నీడలో పాత్ర ఎవరో పోల్చుకున్నాను.