గురువారం పొద్దుగూకగానే మొదలయ్యే జుమా

"విశ్వాసులారా! జుమా రోజున నమాజుకు పిలుపు వినిపించగానే అల్లాహ్ స్మరణ వైపు త్వరపడండి, క్రయవిక్రయాలు వదిలేయండి." సూరా జుముఅహ్‌లోని 9వ ఆయతు ఇది. జుమా అంటే శుక్రవారం మధ్యాహ్నం అందరూ కలిసి చేసే నమాజు. మనలో చాలామందికి అరబీలోనే కంఠతా వచ్చు. ఇమామ్ సాబ్ ఏడాదికి పదిసార్లు దీనిమీదే ఖుత్బా (జుమా ప్రసంగం) ఇస్తారు. ఆయన ఇస్తుండగానే బయట చెప్పుల దగ్గర ఒకాయన ఫోనులో లోడు ధర ఖరారు చేస్తుంటాడు. బజారులో షట్టరు సగమే దిగి ఉంటుంది, లోపల కుర్రాడు సామాను తూస్తుంటాడు, కౌంటరు మీది పెట్టె "చెల్లింపు అందింది" అని అరుస్తుంటుంది. రెండో ఖుత్బా ముగిసి ఇకామత్ (నమాజు మొదలవుతుందనే పిలుపు) మొదలయ్యేసరికి జనం తోసుకుంటూ వచ్చి చివరి వరుసలో (సఫ్‌లో) నిలబడతారు. నమాజు దొరికిందని తృప్తి పడతారు. ఆయతులో రెండు ఆజ్ఞలున్నాయి, రెండోది మన ఊళ్లలో అనాథ అయిపోయింది.

ఆ రెండో ఆజ్ఞను ఒక ఊరు ఊరంతా ఎలా మోస్తుందో చూడాలంటే ఇండోనేషియాలోని సుమత్రా దీవి వాయవ్య కొసన ఉన్న ఆచే తీరానికి వెళ్లాలి. ఇది మనకు పరాయి నేలేం కాదు. గోల్కొండ సుల్తానుల కాలంలో మచిలీపట్నం రేవు నుంచి మన నేతబట్టలు ఆచే రేవుకు ఓడల్లో వెళ్లేవి. బందా ఆచే నగరం నుంచి సుమారు 15 కిలోమీటర్ల దూరంలో లాంపూక్ ఉంది. వరిపొలాలు, కొబ్బరిచెట్లు, సరుగుడు తోపు, తీరాన పడవలు. చూడటానికి మన నెల్లూరు, ప్రకాశం తీరపల్లెల పోలికే. తేడా గురువారం పొద్దుగూకినప్పుడు తెలుస్తుంది. మిగతా రోజుల్లో పడవలు బయలుదేరే వేళకు ఆ రోజు ఒక్కటీ కదలదు.

ఆచే రేవుల్లో "పాంగ్లిమా లావోత్" అనే పెద్ద ఉంటాడు. పడవ నడిపే సరంగులు, అంటే వాళ్ల మాటలో పవాంగులు, అనుభవం చూసి ఆయన్ని ఎన్నుకుంటారు. సుల్తానుల కాలం నుంచి వస్తున్న ఈ పదవిని 2008లో ఆచే ప్రభుత్వం 10వ కానూనులో (ప్రాంతీయ చట్టంలో) గుర్తించింది. ఆ పెద్దలంతా కూడి ఒప్పుకున్న కట్టుబాటు ప్రకారం గురువారం సూర్యాస్తమయం నుంచి శుక్రవారం సూర్యాస్తమయం వరకు వేట బంద్. కొన్ని రేవుల్లో జుమా నమాజు ముగిసేదాకానే. రెండు ఈదులకూ, సముద్రపు విందు చేసే రోజులకూ, ఆగస్టు 17న దేశ స్వాతంత్ర్య దినానికీ, సునామీ వచ్చిన డిసెంబర్ 26కీ కూడా నిషేధం ఉంది. మీరినవాడు పట్టిన చేపంతా జప్తు. ఆపైన తక్కువలో తక్కువ 3 రోజులు, ఎక్కువలో ఎక్కువ 7 రోజులు ఆ పడవ సముద్రం ముఖం చూడకూడదు.

ఆచే ప్రజలు షాఫయీ మజ్‌హబ్ (ధర్మశాస్త్ర సంప్రదాయం) వారు. వారి ఫిఖహ్‌లో (ధర్మశాస్త్రంలో) వ్యాపారం హరామ్ అయ్యేది ఖతీబ్ (ఖుత్బా ఇచ్చే ఆయన) మింబర్ (వేదిక) ఎక్కి కూర్చున్నాక, ఆయన ఎదుట ఇచ్చే అజాన్ నుంచి. మన హనఫీ ఫిఖహ్‌లో బలమైన మాట ప్రకారం మొదటి అజాన్ నుంచే. అంటే ఆ గీత వాళ్లకంటే మనకే ముందు గీసి ఉంది. ఆలస్యంగా గీసినవాళ్లేమో 18 గంటల ముందే పడవ కట్టేస్తున్నారు. ముందు గీసిన మనం ఆ గీత తొక్కుకుంటూ వెళ్తున్నాం. ఇది చదివి సిగ్గుపడని దుకాణదారుడు ఉంటే, ఆయన హృదయం కోసం దువా చేయాలి.

వాళ్లు అంత ముందుగా ఆగడానికి కారణం సముద్రమే. దుకాణానికి తాళం వేయడం నిమిషం పని. వేటకు వెళ్లిన పడవకు తాళం ఉండదు. రాత్రి వెళ్లిన పడవ వల దించాలి, చేప పడేదాకా కాయాలి, వల లాగాలి, చేప ఏరి మంచులో వేయాలి, ఎదురుగాలి కొడితే ఇంకో మూడు గంటలు. రేవుకు చేరాక పట్టిన చేపను వెంటనే అమ్మకపోతే ఎండకు పాడవుతుంది, కాబట్టి వేలం అక్కడికక్కడే పెట్టాలి. అంటే గురువారం రాత్రి బయలుదేరినవాడు శుక్రవారం మధ్యాహ్నం అజాన్ వేళకు నీటి మీదైనా ఉంటాడు, వేలంపాటలోనైనా ఉంటాడు. అతని చేతిలో "వదిలేయడం" అనే అవకాశమే మిగలదు. వదిలేసే శక్తి ఉండేది గురువారం సాయంత్రం, పడవ ఇంకా ఇసుక మీద ఉన్నప్పుడే. ఆయతును అంత దూరం వెనక్కి లాక్కెళ్లి పాటించడమే వాళ్ల బుద్ధి.

ఇంకో సంగతి. షాఫయీ ఫిఖహ్‌లో జుమా చెల్లాలంటే ఆ ఊళ్లోనే స్థిరపడిన వయోజన పురుషులు 40 మంది హాజరు కావాలి. మనకు ఇమామ్ కాకుండా ముగ్గురు చాలు. చిన్న రేవు పల్లెలో నాలుగు పడవలు వేటకు పోతే ఆ 40 నిండడమే కష్టం. ఒకడి వేట ఊరందరి జుమాకు గండి కొట్టగలదు. ఆచేలో కొన్ని పల్లెలు కలిసి ఒక ముకిమ్‌గా ఏర్పడి, ఐదుపూటలా నమాజు ఎక్కడికక్కడ మెనాసాలో (పల్లె ప్రార్థనాగృహంలో) చేసుకుని, శుక్రవారం మాత్రం ముకిమ్ అంతటికీ ఒకటే ఉన్న మస్జిద్‌కు చేరతాయి. వాళ్ల దృష్టిలో జుమా మనిషికి మనిషి విడిగా చెల్లించే బాకీ కాదు, ఊరు కలిసి నిలబెట్టేది.

జప్తు చేపకే ఎందుకు? అందరూ ఆగిన రోజున ఒక్కడు వెళ్తే రేవంతా అతని చేపకే ఎదురుచూస్తుంది, ధర రెట్టింపవుతుంది. అప్పుడు దైవభీతి ఉన్నవాడు నష్టపోతాడు, లేనివాడు లాభపడతాడు. నాలుగు వారాలు ఇలా సాగితే భక్తుడు కూడా పడవ తోస్తాడు, ఎందుకంటే అతనికి షావుకారు దగ్గర వల అప్పు, ఇంజను అప్పు ఉన్నాయి. చేపే జప్తయితే ఆ ఆశ మొదట్లోనే తెగిపోతుంది. మన బజారుల్లో ఒకే వరుసలో 10 ముస్లిం దుకాణాలుంటే తొమ్మిది మూసి ఒకటి తెరిస్తే ఏం జరుగుతుందో అందరికీ తెలుసు. వచ్చే శుక్రవారానికి మూసేవి అయిదే.

ఇక్కడే సూరా ఆరాఫ్ 163వ ఆయతు గుర్తుకు రావాలి. సముద్రతీరాన ఉన్న ఆ ఊరి సంగతి వాళ్లను అడుగు అంటాడు అల్లాహ్. వేట నిషిద్ధమైన యూదుల విశ్రాంతి దినాన (సబ్బత్) చేపలు నీటిపైకి తేలి తేలి వచ్చేవి, మిగతా రోజుల్లో రావు. అది పరీక్ష. వాళ్లు నిషేధాన్ని నేరుగా కాదనలేదు. ముందురోజు గుంటలు తవ్వి, వలలు వేసి, ఆ రోజున చేప వాటంతట అదే చిక్కితే మరునాడు తీసుకున్నారని ముఫస్సిర్లు (ఖురాన్ వ్యాఖ్యాతలు) రాశారు. చేతులు ఆగాయి, ఆశ ఆగలేదు. వాళ్లకేం జరిగిందో 166వ ఆయతు చెబుతుంది. ఖుత్బా వింటూ కూర్చుని, దుకాణంలో ముస్లిమేతర పనివాడి చేత అమ్మిస్తూ "నేను అమ్మడం లేదుగా" అనుకునే సోదరుడు ఈ నాలుగు ఆయతులు (163 నుంచి 166) గురువారం రాత్రి ఒకసారి నిదానంగా చదవాలి. జుమా తప్పనిసరి కాని పనివాడు అమ్మవచ్చా లేదా అనే ఫత్వా చర్చ వేరు. నేనడుగుతున్నది మనసు ఎక్కడుంది అని.

ఒక జాగ్రత్త కూడా చెప్పాలి. మనకు యూదుల సబ్బత్ లేదు. 10వ ఆయతు "నమాజు ముగిశాక భూమిలో విస్తరించండి, అల్లాహ్ అనుగ్రహాన్ని వెతుక్కోండి" అని స్పష్టంగా అనుమతిస్తుంది. అస్తమయం దాకా వేట ఆపడం ఆచే ఆచారం, షరీఅత్ ఫర్జ్ (తప్పనిసరి విధి) కాదు. జుమా అయ్యాక పని చేసుకునేవాణ్ని తప్పుపట్టే హక్కు ఎవరికీ లేదు. ఆచే వాళ్లకు ఈ తేడా బాగా తెలుసు. ఆచారమూ ధర్మశాసనమూ వస్తువూ దాని గుణమూ లాంటివని వాళ్ల సామెత. పొలాల విషయంలోనూ ఇదే పద్ధతి. కాలువ నీటి పంపకం, నాట్ల తేదీ చూసే "కెజ్రువన్ బ్లాంగ్" అనే పెద్ద ఉంటాడు, చాలా పల్లెల్లో శుక్రవారం పొలంలో దిగరు.

లాంపూక్ మస్జిద్ పేరు రహ్మతుల్లాహ్. 2004 డిసెంబర్ 26 ఆదివారం ఉదయం కెరటం వచ్చినప్పుడు చుట్టూ ఊరు తుడిచిపెట్టుకుపోయింది, ఈ మస్జిద్ నిలిచింది. విరిగిన ఒక మూలను అలాగే ఉంచారు. అదే ఉదయం అదే సముద్రం మన తీరానికీ వచ్చింది, మన పల్లెల్లోనూ ప్రాణాలు పోయాయి. మచిలీపట్నంలో నమాజుకు నిలబడితే సముద్రం వీపు వెనక ఉంటుంది. లాంపూక్ తీరం పడమటి ముఖం, ఖిబ్లా కూడా అటే. అక్కడ ప్రతి సజ్దా సముద్రం వైపే, భార్యాబిడ్డలను తీసుకుపోయిన కెరటం వచ్చిన దిక్కుకే. ఆ సఫ్‌లో నిలబడేవాళ్లలో అందరినీ పోగొట్టుకున్నవాళ్లున్నారు. వాళ్లు అలిగి వెనక్కి తిరగలేదు. యా అల్లాహ్, మాకు అలాంటి సబ్ర్‌లో రవ్వంతైనా ఇవ్వు.

అక్కడికి వెళ్లదలచుకున్నవాళ్లకు కొన్ని మాటలు. శుక్రవారం అయితే ఉదయం 10 లోపే ఊరు చేరండి. మన దగ్గర జుమా జమాఅత్ ఒకటిన్నరకు, కొన్నిచోట్ల రెండుకు. ఆ అలవాటుతో వెళ్తే తప్పిపోతుంది. ఆచే గడియారం జకార్తా గడియారమే కాబట్టి జుహర్ వేళ రోజును బట్టి 12:25, 12:55 మధ్య పడుతుంది, వేళ కాగానే అజాన్, వెంటనే ఖుత్బా. మధ్యలో మన లాగా ఉర్దూ బయాన్ ఉంటుందనుకుని వుజూ సాగదీయకండి. ఆ గంటన్నర భోజనశాలలు, కాఫీ దుకాణాలు మూసేస్తారు, తినాల్సింది ముందే తినండి. కొన్ని మస్జిదుల్లో ఖతీబ్ చేతికర్ర పట్టుకుని ఖుత్బా ఇస్తారు, కొత్తగా చూడకండి. ప్రయాణికుడికి జుమా ఫర్జ్ కాదు, ఆ 40లోనూ లెక్కకు రాడు. అయినా కలవండి. ఫజర్‌లో ఇమామ్ రెండో రకాత్ రుకూ తర్వాత చేతులెత్తి ఖునూత్ (నిలబడి చేసే ప్రత్యేక దువా) చదువుతారు, హనఫీలు చేతులు వదిలి మౌనంగా నిలబడితే చాలు. దానిమీద వాదన పెట్టి అతిథి మర్యాద పోగొట్టుకోవద్దు.

శుక్రవారం తాజా చేప అడగవద్దు. మీరు గట్టిగా అడిగితే, అతిథిని కాదనలేక ఎవరో ఒకరు చిన్న తెప్ప తోసుకుని వెళ్లే ప్రమాదముంది. ఆ పాపంలో మీ వాటా ఉంటుంది. ఉడకబెట్టి ఎండలో కొయ్యలా గట్టిపడేదాకా ఎండబెట్టిన తూర చేప ఉంటుంది, కెమామా అంటారు. సన్నగా చెక్కి మిరపకాయ, కొబ్బరిపాలు వేసి వండుతారు, అది తినండి. తాజా చేప శనివారం ఉదయం ఎంత కావాలంటే అంత. మగవాళ్లు సముద్రంలో దిగినా మోకాళ్లు కప్పుకోవాలి, ఆడవాళ్లకు తలమీద వస్త్రం తప్పదు. ఇంటికి పిలిస్తే గుమ్మం ఎదురుగా కాకుండా పక్కకు నిలబడి సలామ్ చెప్పండి, మూడుసార్లు జవాబు రాకపోతే తిరిగి వచ్చేయండి. సున్నత్ అదే. తమలపాకు, వక్క ముందు పెడితే అది మనింటి తాంబూలమే, కాదనకండి.

వెళ్లలేనివాళ్లకు దారి మూసుకుపోలేదు సోదరులారా. మస్జిద్ గుమ్మం దగ్గర దైవదూతలు వచ్చినవాళ్ల పేర్లు వరుసగా రాస్తారని, మొదట వచ్చినవాడికి ఒంటె ఖుర్బానీ పుణ్యమని, చివరికి వచ్చినవాడికి కోడిగుడ్డు దానమంతేనని, ఇమామ్ బయటికి రాగానే గ్రంథాలు మడిచేస్తారని ప్రవక్త (స) చెప్పారు. ఆ మడత పడకముందు వెళ్లాలంటే పని గురువారమే మొదలుపెట్టాలి. మగ్రిబ్ తర్వాత రేపటి బాకీలు, లోడ్లు, డెలివరీలు చూసుకోండి. 12 నుంచి 2 దాకా సరుకు పంపవద్దని టోకు వ్యాపారికి ముందురోజే చెప్పండి. ఆటో నడిపేవాళ్లు పదకొండున్నర తర్వాత దూరపు కిరాయి ఒప్పుకోవద్దు, ట్రాఫిక్ జాములో ఇరుక్కుంటే జుమా పోతుంది. ఆన్‌లైన్ ఆర్డర్లు తీసుకునేవాళ్లు యాప్‌లో దుకాణం "మూసి ఉంది" అని పెట్టండి, ఫోను ఇంట్లోనే వదిలి రండి. పనివాళ్లకు అజాన్‌కు అరగంట ముందే సెలవివ్వండి, గుస్ల్ చేసి బట్టలు మార్చుకోవడానికి వాళ్లకూ సమయం కావాలి, ఆ అరగంట జీతం కోయకండి. బజారులో మీ వరుస దుకాణదారులతో ఒక్కసారి కూర్చుని షట్టరు వేళ ఒకటే పెట్టుకోండి, పెద్దాయన ఒకరిని మీరే ఎన్నుకోండి. జరిమానా ఎంతో కూడా అప్పుడే అనుకోండి, అది మస్జిద్ కరెంటు బిల్లుకు పోతుంది.