డిస్క్‌లో చూశాకే తెలిసింది

బ్యాట్‌మాన్ సినిమా 'ద డార్క్ నైట్' (2008) ఇంతకు ముందు ఫోన్లోనూ ఓటీటీలోనూ చూశాను. పాలకొల్లులో బావ వాళ్ళింట్లో 4కె బ్లూ-రే డిస్క్ (డీవీడీ లాంటిదే, బొమ్మ చాలా స్పష్టంగా ఉంటుంది) వేస్తే, ఇదే సినిమానా అనిపించింది.

మొదటి బ్యాంకు దోపిడీ సీన్‌కే టీవీ పైనుంచి కిందిదాకా బొమ్మ నిండిపోయింది. డైరెక్టర్ నోలన్ కొన్ని సీన్లు ఐమ్యాక్స్ కెమెరాలతో (ఎత్తైన పెద్ద బొమ్మ తీసేవి) తీశారు. అవి వచ్చినప్పుడల్లా డిస్క్‌లో పైనా కిందా ఉండే నల్ల పట్టీలు పోతాయి, మామూలు సీన్లకి మళ్ళీ వస్తాయి. నాకైతే ప్రతిసారీ ఒళ్ళు పులకరించింది. ఓటీటీలో ముద్దగా నలుపే కనిపించిన చోట బ్యాట్‌మాన్ సూటు మీద గీతలు కూడా విడివిడిగా తెలిశాయి. నెట్‌లో వచ్చే 4కె మామూలుగా సెకనుకి 15-25 మెగాబిట్ల డేటా ఉంటుంది, 4కె డిస్క్ 100 కూడా దాటగలదు. తేడా అక్కడే.

సౌండ్ అట్మాస్ (పైనుంచి కూడా చప్పుడు వినిపించేది) కాదు, 5.1 (చుట్టూ ఐదు స్పీకర్లు, గంభీరమైన చప్పుళ్ళకి ఒక సబ్‌వూఫర్) మాత్రమే. అది చాలు! లారీ ఛేజ్‌లో మ్యూజిక్ దాదాపు ఉండదు, అంతా ఇంజిన్లు, తూటాలు, ఇనుము నలిగే చప్పుడే. రిచర్డ్ కింగ్‌కి సౌండ్ ఎడిటింగ్ ఆస్కార్ ఊరికే ఇవ్వలేదు. లారీ పల్టీ కొట్టినప్పుడు (చికాగో రోడ్డు మీద నిజం లారీనే తిప్పారు) సబ్‌వూఫర్ దెబ్బకి అలమరలో గ్లాసులు గలగలలాడాయి. అత్త వంటింట్లోంచి వచ్చి "ఏంట్రా అబ్బాయ్, పిడుగు పడిందా?" అంది.

మాటలు మాత్రం కాస్త మెల్లగా వినిపించాయి. బావ సెంటర్ స్పీకర్ పెంచాక సరిపోయింది. సంక్రాంతికి వెళ్ళినప్పుడు దీని తర్వాతి భాగం కూడా అక్కడే చూడాలి.