కోప్‌హిల్ డౌన్‌లో సపోర్ట్ గన్ మోసిన రోజు

ఇంగ్లండ్‌లో ఉండి ఎయిర్‌సాఫ్ట్ ఆడేవాళ్ళు ఒక్కసారైనా కోప్‌హిల్ డౌన్ వెళ్ళి తీరాలి అంటా నేను. సాలిస్‌బరీ ప్లెయిన్ మధ్యలో ఉంటుంది, ఊళ్ళోకి చొరబడి ఇల్లిల్లూ పట్టుకుంటూ ఎలా యుద్ధం చెయ్యాలో సైనికులకి నేర్పడానికి 1980ల చివర్లో బ్రిటిష్ సైన్యం కట్టిన ఊరు అది. కోల్డ్ వార్ రోజులు కదా, యుద్ధమొస్తే జర్మనీలోనే అనుకునేవాళ్ళు, అందుకే ఇళ్ళన్నీ జర్మనీ పల్లెటూరి టైపులో ఏటవాలు కప్పులతో ఉంటాయి. అందులో ఎవరూ ఎప్పుడూ కాపురం చెయ్యలేదు. సైన్యానికి అవసరం లేని వీకెండ్స్‌లో పర్మిషన్ తీసుకుని అక్కడ గేమ్స్ పెడుతుంటారు, అలాంటి ఒక గేమ్‌కి మా టీమ్ తరఫున సపోర్ట్ గన్ పట్టుకుని వెళ్ళొచ్చాను, అంటే మనవాళ్ళు కదిలేటప్పుడు అవతలివాళ్ళని తల ఎత్తనివ్వకుండా కొట్టే పెద్ద గన్.

తెలియనివాళ్ళ కోసం రెండు ముక్కలు. హైదరాబాద్ చుట్టుపక్కల రిసార్ట్స్‌లో పెయింట్‌బాల్ చాలామంది ఆడే ఉంటారు, ఎయిర్‌సాఫ్ట్ దానికి చుట్టమే కానీ ఇందులో రంగు పడదు, బీబీలు అనే 6 మిల్లీమీటర్ల ప్లాస్టిక్ గుండ్లు వస్తాయి. మరక పడదు కాబట్టి తగిలినవాడే చెయ్యెత్తి "హిట్" అని అరిచి ఒప్పుకోవాలి. ఆట మొత్తం ఆ నిజాయితీ మీదే నిలబడింది. పుట్టింది జపాన్‌లో, 1991లో టోక్యో మారుయి వాళ్ళు బ్యాటరీతో నడిచే ఫమాస్ (ఒక ఫ్రెంచ్ రైఫిల్‌కి కాపీ) తెచ్చాక దీని రూపమే మారిపోయింది, ఇప్పుడు మేం వాడే గన్స్‌లో చాలావరకు ఆ పద్ధతిలోనే పనిచేస్తాయి, మోటార్ గేర్లని తిప్పుతుంది, గేర్లు పిస్టన్‌ని వెనక్కి లాగి వదుల్తాయి, ఆ గాలికి బీబీ బయటికి పోతుంది.

మేముండే రీడింగ్ ఊరి నుంచి చీకటి ఉండగానే బయల్దేరాం. కారులో నేను, మా ఖమ్మం తమ్ముడు, వెనక సీట్లో పులిహోర డబ్బా, డిక్కీలో జిప్ వేసిన బ్యాగుల్లో గన్స్. ఇక్కడ బొమ్మ గన్ అయినా సరే సరైన కారణం లేకుండా పబ్లిక్‌లో పట్టుకుని తిరిగితే నేరమే, అందుకే పెట్రోల్ బంకులో ఆగినా డిక్కీ తెరవం. బేసింగ్‌స్టోక్ దగ్గర ఎం3 ఎక్కి, తర్వాత ఏ303 పట్టుకుని పోతుంటే స్టోన్‌హెంజ్ పక్కన మామూలుగానే అందరూ స్లో అయ్యారు, మేమూ చూశాం, ఎన్నిసార్లు చూసినా తల తిప్పకుండా ఉండలేం. ష్రూటన్ దాటి చిటర్న్ వైపు తిరిగాక సీన్ మారిపోతుంది, చెట్లు తగ్గి ఎటు చూసినా గడ్డి మైదానం, రోడ్డు మీద ట్యాంకులు దాటుతాయి జాగ్రత్త అని బోర్డులు, కింద పడున్న సైన్యం సామాను ముట్టుకోవద్దు పేలి చస్తారు అని ఇంకో బోర్డు. అక్కడికి దగ్గర్లోనే ఇంబర్ అని ఒక నిజం ఊరు ఉంది, 1943 డిసెంబర్‌లో అమెరికా సైనికుల ట్రైనింగ్ కోసమని జనాన్ని ఖాళీ చేయించారు, మళ్ళీ వాళ్ళని అక్కడ ఉండనివ్వనే లేదు. తమ్ముడికి ఆ సంగతి చెప్తే పోలవరం ముంపు ఊళ్ళు గుర్తొచ్చాయన్నాడు, కాసేపు ఇద్దరం ఏం మాట్లాడుకోలేదు.

చేరగానే ముందు క్రోనో, అంటే గన్‌లోంచి బీబీ ఎంత వేగంగా వస్తోందో కొలవడం. ఇక్కడి చట్టం ప్రకారం ఆటోమేటిక్‌గా పేలే ఎయిర్‌సాఫ్ట్ గన్ 1.3 జౌల్స్ దాటకూడదు, సింగిల్ షాట్‌కైతే 2.5. ఆ రోజు లిమిట్ 0.20 గ్రాముల బీబీతో 350 ఎఫ్‌పీఎస్ (సెకనుకి అడుగులు), అంటే దాదాపు 1.14 జౌల్స్. నా గన్ లోపలే ఉంది, స్టిక్కర్ వేసి పంపారు.

గన్ గురించి చెప్పాలి. ఎం249, బెల్జియం వాళ్ళ మినిమీ మెషిన్‌గన్‌కి అమెరికా పెట్టుకున్న పేరు, బ్రిటిష్ సైన్యం కూడా ఎల్110 అని వాడింది. నాది దాని ఎయిర్‌సాఫ్ట్ కాపీ. కింద వేలాడే బాక్స్ మ్యాగజైన్‌లో 2,500 దాకా బీబీలు పడతాయి, లోపల చిన్న మోటార్ వాటిని పైకి తోస్తూ ఉంటుంది. కొన్ని బాక్సుల్లో ఆ మోటార్ చప్పుడు వింటే తిరుగుతుంది, అంటే పక్కోడి గన్ పేలినా తిరుగుతుంది, అది నాకు నచ్చదు, అందుకే ముందు పిడికి ప్రెజర్ స్విచ్ టేప్‌తో అంటించి బొటనవేలితో నొక్కుతా. ఇంకోటి, బాక్స్ సగం ఖాళీ అయ్యాక పరిగెడితే లోపల బీబీలు గలగలమంటాయి, వీధి అవతలకి కూడా వినిపిస్తుంది. కాబట్టి ఇది పట్టుకున్నవాడు దొంగతనంగా ఎక్కడికీ పోలేడు, పోవాల్సిన పని కూడా లేదు.

మా వాళ్ళ రైఫిల్స్‌కి బుల్లెట్ల లిమిట్ ఉంది, నాకు మాత్రం బాక్స్‌కి పర్మిషన్. బదులుగా కండిషన్స్, ఇళ్ళలోకి దీంతో అడుగు పెట్టకూడదు, లోపలికి వెళ్ళాలంటే నడుముకున్న పిస్టల్ తియ్యాలి. న్యాయమే, సెకనుకి ఇరవై దాకా వదిలే గన్‌ని చిన్న గదిలో మనిషి మీద తిప్పితే అది ఆటవదు. దగ్గరగా కనిపిస్తే ఒక్క చిన్న బర్స్ట్‌తో ఆపడం, లేదా వదిలెయ్యడం, ఇది రూల్ బుక్‌లో లేకపోయినా సపోర్ట్ గన్నర్ పాటించాల్సిందే.

మధ్యాహ్నం గేమ్‌లో జరిగింది చెప్తే ఈ గన్ ఎందుకో అర్థమవుతుంది. వీధికి అటు రెండంతస్తుల ఇల్లు, పై కిటికీల్లో కనీసం ఇద్దరున్నారు, మా వాళ్ళు ఇటు గోడ వెనక ఇరుక్కున్నారు, మధ్యలో తుప్పు పట్టిన ఆర్మీ బండి తప్ప అడ్డం ఏం లేదు. తల బయట పెట్టినవాడు పెట్టినట్టే హిట్. నేను ఎదురింటి బయటి మెట్ల పక్క పిట్టగోడ మీద బైపాడ్ (గన్‌కి ముందుండే రెండు కాళ్ళ స్టాండ్) ఆనించి పడుకున్నా, సున్నపు నేల కదా, తెల్ల బురద మోచేతులకి పిండిలా పట్టేసింది. కిటికీ దాదాపు నలభై మీటర్లు, మైదానం మీంచి పక్క గాలి కొడుతోంది, కాస్త బరువైన 0.28 గ్రాముల బీబీలు కూడా కుడికి కొట్టుకుపోతున్నాయి. ఎడమ అంచుకి కాస్త బయట గురిపెట్టి వదిల్తే సరిగ్గా కిటికీ చట్రంలో పడ్డం మొదలెట్టాయి, టకటకా చెక్క మీద తగుల్తున్న చప్పుడు ఇక్కడికి వినిపిస్తోంది. లోపలున్నవాడికి తగలక్కర్లేదు, తల ఎత్తకుండా ఉంటే చాలు. ఒకే తీరుగా కొట్టకూడదు, ఓ సెకను కొట్టి ఆగి, మళ్ళీ రెండు సెకన్లు, మళ్ళీ అర సెకను, ఎప్పుడు ఆగుతుందో వాడికి లెక్క దొరక్కూడదు. బ్యాటరీకి మోటార్‌కి కూడా అదే మంచిది.

తమ్ముడు గోడ వెనక నుంచి "అన్నా, మేం ఉరుకుతున్నం, కొట్టు!" అని తెలుగులోనే అరిచాడు. అవతలి టీమ్‌లో ఎవరికీ అర్థం కాలేదు, మా ఇంగ్లీషు వాళ్ళకీ కాలేదు, కానీ వాడు లేవగానే వాళ్ళూ లేచారు. ఆపకుండా వదిలా, అంత లాగి కొట్టడం ఆ రోజు అదొక్కటే. నా కంటి ముందు నలుగురు వీధి దాటేసి గుమ్మం పక్కన గోడకి అతుక్కున్నారు, దాటగానే నేను ట్రిగ్గర్ వదిలేశా, మా వాళ్ళు కిటికీ కిందకి వచ్చాక ఇంక నా పని అయిపోయినట్టే. లోపల్నుంచి "హిట్", మళ్ళీ ఇంకో "హిట్". ఆ ఇంట్లో నేను కొట్టినవాడు ఒక్కడూ లేడు, కానీ తమ్ముడు కిటికీలోంచి చెయ్యి ఊపినప్పుడు నాకొచ్చిన సంతోషం, రైఫిల్‌తో ఎంతమందిని కొట్టినా ఎప్పుడూ రాలేదు.

సాయంత్రం పులిహోర అందరికీ పంచాం, మా టీమ్ కెప్టెన్ రెండోసారి అడిగి పెట్టించుకున్నాడు. భుజం మాత్రం స్లింగ్ (గన్ తగిలించుకునే పట్టీ) దెబ్బకి ఎర్రగా కమిలింది. ఎవరైనా సపోర్ట్ గన్ మొదలెట్టాలనుకుంటే ముందు కొనొద్దు, టీమ్‌లో ఉన్నవాళ్ళది అడిగి రోజంతా మోసి చూడండి, మెత్తటి వెడల్పు స్లింగ్, మోకాలి ప్యాడ్స్, పిస్టల్ ఈ మూడూ లేకుండా దిగొద్దు. ఇక్కడ కొత్తగా ఆడేవాళ్ళకి ఇంకో విషయం, నిజం తుపాకీలా కనిపించే గన్ కొనాలంటే మామూలుగా ఉకారా (ఇక్కడి ఎయిర్‌సాఫ్ట్ షాపుల సంఘం) రిజిస్ట్రేషన్ అడుగుతారు, దానికి తక్కువలో తక్కువ 56 రోజుల వ్యవధిలో మూడు గేమ్స్ ఆడి ఉండాలి, ఈలోపు అద్దె గన్ దొరుకుతుంది. తమ్ముడు అలాగే మొదలెట్టాడు, వచ్చే గేమ్‌కి నా పక్కనే ఉండి స్పేర్ బాక్స్ మోస్తూ గాలి ఎటు కొడుతోందో చెప్తానంటున్నాడు.