ఎవరమ్మాయివి?

మా అమ్మాయికి పదిహేనేళ్లు. పుట్టిందీ పెరిగిందీ జర్మనీలోనే, హైడెల్‌బర్గ్‌లో. ఈ ఏడాది స్కూల్లో ఒక నవల చదవమన్నారు. పేరు 'హెర్‌కున్ఫ్ట్'. తెలుగులో ఒక్క మాటలో చెప్పమంటే 'పుట్టుపూర్వోత్తరాలు' అంటాను. రాసింది సాషా స్టానిషిచ్. 2019లో జర్మన్ బుక్ ప్రైజ్ దీనికే వచ్చింది. "అమ్మా, ఇందులో మన ఊరుంది" అంటూ తెచ్చి నా చేతిలో పెట్టింది.

మన ఊరంటే తనకు హైడెల్‌బర్గ్. నాకు తెనాలి. రెండేళ్లుగా మా ఇంట్లో గొడవంతా దీని మీదే. బయట ఎవరో "నీదే ఊరు?" అని అడుగుతారు. హైడెల్‌బర్గ్ అంటుంది. "అది కాదు, అసలు ఊరు?" అని మళ్లీ అడుగుతారు. ఇంటికొచ్చి తలుపు వేసుకుంటుంది. మాది తెనాలి అని చెప్పడానికి ఏమైంది, అందులో తప్పేముంది అని నేను వాదించేదాన్ని. "నేను అక్కడికి సెలవుల్లో నాలుగుసార్లు వచ్చానంతే కదమ్మా" అనేది. ఆ మాటకు నాకు ఏడుపొచ్చేది.

రైల్లో ఎదురు సీట్లో కూర్చున్నవాళ్లు మొదట అడిగే మాట అదే కదా మనకు. "మీదే ఊరమ్మా? ఎవరి తాలూకు?" అంటారు. చెప్పామంటే చుట్టరికం కలుస్తుంది, టిఫిన్ డబ్బా తెరుచుకుంటుంది. మనల్ని లోపలికి పిలిచే ఆ ప్రశ్నే ఇక్కడ నా కూతుర్ని గుమ్మం బయట నిలబెడుతోందని ఈ పుస్తకం చదివాకే నాకు అర్థమైంది.

స్టానిషిచ్ 1978లో బోస్నియాలో, ద్రీనా నది ఒడ్డున విషెగ్రాద్‌లో పుట్టాడు. తండ్రి సెర్బ్, తల్లి బోస్నియా ముస్లిం. 1992లో యుద్ధం వచ్చినప్పుడు పద్నాలుగేళ్లవాడు, తల్లితో పారిపోయి హైడెల్‌బర్గ్ చేరాడు. ఎమెర్ట్స్‌గ్రుండ్ కొండ మీద, ఎత్తైన అపార్ట్‌మెంట్ల మధ్య పెరిగాడు. మేం బస్సులో వెళ్లే చోటే. అక్కడి పెట్రోల్ బంకు దగ్గర రకరకాల దేశాల పిల్లలంతా చేరేవాళ్లట. రాజనీతి శాస్త్రం చదివిన తల్లి ఇక్కడ లాండ్రీలో పనిచేసింది. ఆ పేజీ దగ్గర చాలాసేపు ఆగిపోయాను. ఇంత చేసీ 1998లో తల్లిదండ్రులు జర్మనీ వదిలి అమెరికా వెళ్లాల్సివచ్చింది. కొడుకు ఒక్కడే చదువు కోసం ఉండిపోయాడు.

మాది యుద్ధం నుంచి పారిపోయి వచ్చిన కుటుంబం కాదు. ఉద్యోగం కోసం, వీసా చేతపట్టుకుని విమానంలో వచ్చినవాళ్లం. ఆ కష్టాన్నీ మా బెంగనూ ఒక గాటన కట్టడం నాకిష్టం లేదు. కానీ పుస్తకం మొదట్లోనే నానమ్మ కనిపిస్తుంది. ఎనభై ఏడేళ్లావిడ. మతిమరుపు వ్యాధి. వీధిలో ఒక చిన్నపిల్ల కనబడిందని, భయపడకు, నేనొస్తున్నానని కేకేసి కిందికి దిగుతుంది. ఆ పిల్ల మరెవరో కాదు, చిన్నప్పటి తనే. మనవడు ఇక్కడ జ్ఞాపకాలు పోగుచేసుకుంటుంటే అక్కడ నానమ్మ ఒక్కొక్కటే పోగొట్టుకుంటూ ఉంటుంది. పుస్తకమంతా ఆ రెండూ పక్కపక్కనే నడుస్తాయి.

మా అమ్మకూ అదే మొదలైంది. పోయిన చలికాలం వీడియో కాల్‌లో పాపను చూసి "ఎవరమ్మాయివి నువ్వు?" అంది. నాకు గొంతు పెగల్లేదు. ఊరడిగితే తలుపు వేసుకునే పిల్ల ఫోన్ దగ్గరికి జరిగి, "మీ చిన్నమ్మాయి కూతుర్ని అమ్మమ్మా" అంది. అమ్మ నవ్వి "అయితే మా తాలూకే" అంది. రెండు నిమిషాలకు మళ్లీ అదే అడిగింది. పాప మళ్లీ అదే చెప్పింది. విసుక్కోలేదు.

నవల చివరి భాగం మామూలుగా ఉండదు. కథ ఎటు వెళ్లాలో చదివేవాళ్లే ఎంచుకోవాలి, ఇలా అయితే ఈ పేజీకి వెళ్లండి, అలా అయితే ఆ పేజీకి అని ఉంటుంది. పాప దాన్ని నాకు తెలుగులో చెప్పుకుంటూ చదివింది. మాట దొరకనిచోట జర్మన్‌లోనే చెప్పేసింది. ఏ దారిన వెళ్లినా ముందు నానమ్మ ఉండే పేజీయే ఎంచుకుంది.

తర్వాత స్కూలు పని కోసం మా ఇంటి ఆడవాళ్ల పేర్లు రాస్తానంది. తన పేరు, నా పేరు, అమ్మమ్మ పేరు రాసి, "అమ్మమ్మ వాళ్లమ్మ పేరేంటి?" అని అడిగింది. నాకు తెలియదు. చిన్నప్పటి నుంచీ అమ్మమ్మ అనే పిలిచాను. అమ్మను అడిగే వేళ దాటిపోయింది. తెనాలిలో అప్పటికి అర్ధరాత్రి. తెల్లారేదాకా ఆగి మావయ్యకు ఫోన్ చేశాను. ఆయన పేరొక్కటే చెప్పి ఊరుకోలేదు, ఆవిడ పుట్టిల్లు, పెంచిన గేదెలు, పాడిన మంగళహారతులు, అన్నీ చెప్పుకుంటూ పోయారు. పాప పెన్ను పట్టుకుని పక్కనే కూర్చుంది. "మెల్లగా చెప్పండి తాతయ్యా" అంది.