జపాన్ ఆఫీసులో ఫోను ఎత్తడం ఎలా నేర్చుకున్నానంటే

నిన్న ఒసాకా నుంచి ఒక కస్టమరు ఫోను చేస్తే నేనే ఎత్తాను, విషయం రాసుకున్నాను, మర్యాదగా ముగించాను. పక్క సీటు వైపు చూడాల్సిన అవసరం రాలేదు. జపాన్‌కు ఉద్యోగం మీద వద్దామనుకునే మనవాళ్ళకు ఉపయోగపడుతుందని, ఆ సంతోషంలోనే ఇది రాస్తున్నాను.

భాష నేర్చుకోవడం నాకు కష్టమనిపించలేదు. జపనీస్ వాక్యం మన వాక్యంలాగే నడుస్తుంది. క్రియ చివర వస్తుంది, విభక్తి పదం వెనకే ఉంటుంది. క్లాసులో హిందీ, ఇంగ్లీషు మాత్రమే తెలిసినవాళ్ళు తడబడుతుంటే నేను ముందుకు వెళ్ళిపోయేవాణ్ణి. డిసెంబరులో చెన్నై వెళ్ళి జేఎల్‌పీటీ అనే జపనీస్ భాషా పరీక్షలో ఎన్2 స్థాయి రాశాను, మంచి మార్కులతో పాసయ్యాను. వీసా, ప్రయాణం, టోక్యోలోని నిషి-కసాయ్‌లో ఇల్లు అన్నీ సాఫీగా జరిగిపోయాయి. తోజాయి లైను రైలెక్కితే నిహోంబాషిలో ఆఫీసు.

ఆ పరీక్ష గురించి ఒక మాట చెప్పాలి. 180 మార్కులకు 90 వస్తే ఎన్2 పాసు, ఒక్కో విభాగంలో కనీసం 19 రావాలి. చదవడం ఉంది, వినడం ఉంది. నోరు తెరిచి మాట్లాడే భాగం మాత్రం లేదు. ఫీజు కట్టించుకున్న రోజు మా కోచింగ్ సెంటరు వాళ్ళు ఈ సంగతి చెప్పలేదు. ఎన్2 ఉంటే ఆఫీసులో ఇక ఏ ఇబ్బందీ ఉండదన్నారు. అదే మాట నమ్మి అప్పు చేసి ఫీజులు కట్టే పిల్లలను ఇప్పటికీ చూస్తున్నాను, నాకు ఒళ్ళు మండిపోతుంది. సర్టిఫికెట్టు దండగ అనను. నిపుణుల వీసా పాయింట్ల లెక్కలో ఎన్2కు 10, దాని పై స్థాయి ఎన్1కు 15 వస్తాయి. కానీ ఫోను మోగినప్పుడు అది మనల్ని ఆదుకోదు.

జపాన్ ఆఫీసుల్లో ఫోను ఎత్తడం సాధారణంగా కొత్తగా చేరినవాళ్ళ పని. మూడు రింగుల్లోపు ఎత్తాలి. ఆలస్యమైతే ముందు 'ఒమతసె ఇతషిమాషిత' అని, కాచుకోబెట్టినందుకు మన్నింపు కోరాలి. చేరిన కొత్తలో ఒకరోజు అలాగే ఎత్తాను. అవతల ఒక పెద్దాయన గొంతు. 'ఒసెవ ని నత్తె ఒరిమాస్' అనే మామూలు వ్యాపార పలకరింపుతో మొదలుపెట్టి కంపెనీ పేరు, విభాగం, తన పేరు, అడగదలచింది అంతా ఒక్క ఊపిరిలో చెప్పేశాడు. పేరు మళ్ళీ చెప్పమని అడిగాను. చెప్పాడు. ఇంకోసారి అడిగాను. క్షణం ఆగి, ఎంతో మర్యాదగా, 'జపాన్ వాళ్ళెవరికైనా ఇవ్వండి' అన్నాడు.

కోపంగా తిట్టి ఉంటే పడేవాణ్ణి. ఆ మర్యాదే గుచ్చుకుంది. హోల్డ్ బటను నొక్కి నిలబడ్డాను. వరుసలో అందరూ తమ స్క్రీన్ల వైపే చూస్తున్నారు, కానీ అందరికీ అర్థమైంది. అప్పుడే కాలేజీ నుంచి వచ్చిన పక్క సీటు కుర్రాడు ఫోను అందుకుని, కనిపించని మనిషికి తల వంచి నమస్కరిస్తూ రెండు మాటల్లో ముగించాడు. ఆ పెద్దాయన అడిగింది మేనేజరు సీట్లో ఉన్నారా అని, అంతే! ఆ రాత్రి నాకు అన్నం సహించలేదు.

మర్నాడు మేనేజరు నన్ను పిలిచి, ఇకపై ఫోన్లు ఎత్తనక్కరలేదన్నాడు. దయతోనే అన్నాడు. నేను ఒప్పుకోలేదు. మీకూ ఇలాంటి దయ ఎదురైతే ఒప్పుకోవద్దు. ఫోనుకు దూరంగా కూర్చోబెట్టిన విదేశీయులు ఏళ్ళు గడిచినా అక్కడే ఉండిపోవడం నేను చూశాను.

నాకు నేర్పింది మా విభాగంలో ఎన్నాళ్ళుగానో పనిచేస్తున్న ఒక సీనియరు. భోజన విరామంలో ఆవిడ కస్టమరుగా మాట్లాడితే నేను జవాబు చెప్పేవాణ్ణి. వినబడకపోతే అర్థం కాలేదనకూడదు, 'ఒదెన్వ గ తోయ్ యో దెస్ గ' అనాలి. ఫోను దూరంగా ఉన్నట్టుంది అంటే, తప్పు లైనుమీదికి పోతుంది, అవతలివాళ్ళు నిదానంగా మళ్ళీ చెబుతారు. అంకెల్లో ఏడును 'షిచి' అని పలికితే అది 'ఇచి'లా, అంటే ఒకటిలా వినిపిస్తుంది కాబట్టి 'నన' అనాలి. రాసుకున్న నంబరును పైకి చదివి వినిపించాలి. ఇవన్నీ నోటికి త్వరగానే పట్టుబడ్డాయి.

పట్టుబడనిది ఒక్కటే. మేనేజరు ఇంటిపేరు సతో అనుకుందాం. ఆయన ఎదుట 'సతో-సాన్', అంటే సతోగారు అనే పిలుస్తాం. బయటి కంపెనీవాళ్ళు ఫోను చేసి ఆయన ఉన్నారా అంటే, ఉత్త 'సతో' సీట్లో లేడు అన్నట్టు చెప్పాలి. క్రియ కూడా తగ్గించే వాడాలి. కంపెనీ అధ్యక్షుడైనా అంతే. మన మనిషిని తగ్గించి, అవతలివాళ్ళను హెచ్చించడం అక్కడి పద్ధతి. తండ్రి గురించి బయటివాళ్ళతో చెప్పేటప్పుడు కూడా గౌరవంగా పిలిచే 'ఒతోసాన్' కాకుండా 'చిచి' అంటారు. 'మా నాన్నగారు ఊళ్ళో లేరండి' అంటూ పెరిగిన నా నోటికి ఇది ఎంతకూ ఎక్కలేదు. పుస్తకంలో సరిగ్గా రాసేవాణ్ణి, నోటితో అనబోతే గొంతు పట్టేసేది. పై అధికారి పక్కన నిలబడి వింటుంటే మరీనూ.

చివరికి ఆవిడే దారి చూపించింది. పేరు గురించి ఆలోచించకుండా 'సతో వ తదయిమ సెకి ఒ హజుషితె ఒరిమాస్' (సతో ఇప్పుడు సీట్లో లేడు) అనే వాక్యాన్ని మొత్తంగా, మంత్రం అప్పగించినట్టు పలకమంది. రైల్లో, స్నానాల గదిలో, రోడ్డు దాటుతూ అదే పలికాను. ఒకరోజు సతోగారు నా పక్కనే ఉండగా ఫోనులో అది అడ్డులేకుండా వచ్చేసింది. ఫోను పెట్టి ఆయన వైపు తిరిగి 'సతో-సాన్' అంటూ సంగతి చెప్పాను. ఆయన విని, కాగితం అందుకుని, తన పనిలో పడ్డాడు.

రాబోయేవాళ్ళు ఎన్2 రాయండి, కాదనను. ఆ తరువాత కోచింగ్ సెంటరుకు మళ్ళీ డబ్బు పోయకుండా, రోజూ అరగంట మీతో ఫోనులో మాట్లాడే జపాన్ మనిషిని ఒకరిని వెతుక్కోండి. వ్యాపార భాషకు బీజేటీ అని 800 మార్కుల పరీక్ష వేరే ఉంది. ఆఫీసు సంభాషణలు వినడానికి దాని నమూనా ప్రశ్నలు బాగా పనికొస్తాయి. మాట్లాడించే భాగం దానిలోనూ లేదు. మొదటి రోజు మీ సీటు ఎక్కడ కావాలని అడిగితే, ఫోను దగ్గరే కావాలని చెప్పండి.