షెఫీల్డ్‌లో మడత చాకుల మధ్య ఒక రోజు

మాంచెస్టర్ నుంచి షెఫీల్డ్‌కి రైల్లో గంట కూడా పట్టదు. కొండల కింది సొరంగాలు దాటితే ఊరు వచ్చేస్తుంది. మడత చాకులంటే నాకు చిన్నప్పటి నుంచీ ప్రాణం. ఇంగ్లండ్‌లో ఉంటూ, చాకుల తయారీకి పేరుమోసిన ఈ ఊరు చూడకపోతే ఎలా అని ఒక శనివారం బయల్దేరాను. ఒక చాకుని సంప్రదాయమైనదనీ, ఇంకోదాన్ని ఆధునికమైనదనీ దేన్ని బట్టి అంటున్నాం? వయసా, ఉక్కా, పిడా? అది తేల్చుకోవాలని ఎప్పటినుంచో ఉంది.

ముందు షెపర్డ్ వీల్‌కి వెళ్లాను. పోర్టర్ బ్రూక్ అనే వాగు పక్కన, చెట్ల మధ్య ఉన్న రాతి షెడ్డు అది. 1584 నాటికే ఇక్కడ నీటి చక్రం ఉన్నట్టు రికార్డుంది. 1930 దాకా చాకులకి సానపట్టే పని నడిచింది. నీళ్లు వదలగానే పెద్ద చక్రం మెల్లగా కదిలి, లోపల సానరాళ్లు తిరగడం మొదలైంది. ఆ రాళ్ల ముందు చెక్క పీట మీద, గుర్రమెక్కినట్టు కూర్చుని పనిచేసేవారట. రాతి దుమ్ము ఊపిరితిత్తుల్లో చేరి ఈ ఊళ్లో ఎంతోమంది సానపనివాళ్లు నడివయసైనా చూడకుండానే పోయారు. అందమైన పాత చాకుల గురించి మాట్లాడేటప్పుడు ఈ మాట వదిలేయకూడదు.

కెలమ్ ఐలండ్ మ్యూజియంలో ఉక్కు సంగతి తేలిపోయింది. 1740ల్లో బెంజమిన్ హంట్స్‌మన్ మట్టి మూసల్లో ఉక్కు కరిగించే పద్ధతి పట్టుకున్నాకే షెఫీల్డ్ దశ తిరిగింది. (మన తెలంగాణలోని కోనసముద్రంలో మూస ఉక్కు అంతకు ముందు నుంచే తయారయ్యేది. పర్షియా వర్తకులు అక్కడికే వచ్చి కొనుక్కెళ్లేవారు. ఆ అద్దాల ముందు నిలబడితే అది గుర్తు రాకుండా ఉంటుందా!) తుప్పు పట్టని ఉక్కుని హ్యారీ బ్రియర్లీ ఇదే ఊళ్లో 1913లో తయారుచేశాడు. అంటే స్టెయిన్‌లెస్ చాకుకీ వందేళ్ల పైబడిన వయసుంది. కాబట్టి ఉక్కుని బట్టి గీత గీయలేం.

అసలు సంగతి పోర్ట్‌లాండ్ వర్క్స్‌లో అర్థమైంది. నడిమి వాకిలి చుట్టూ వర్క్‌షాపులున్న పాత ఇటుక కట్టడం. 2013లో స్థానికులు వాటాలు వేసుకుని కొని కాపాడుకున్నారు. నేను వెళ్లిన రోజు అక్కడ ఓపెన్ డే. ఒక గదిలో చాకులు కూర్చే ఆయన పని చేస్తూనే మాతో మాట్లాడుతున్నాడు. ఇలా సొంతంగా, చిన్న గదిలో పనిచేసేవాళ్లని ఇక్కడ లిటిల్ మెస్టర్లు అంటారు.

ఆయన చేతిలోని చాకులో, తెరిచిన బ్లేడు మూసుకోకుండా బిగించే లాక్ లేదు. వీపున ఒక ఉక్కు స్ప్రింగు, అంతే. అది బ్లేడు మడమని, అంటే పిడిలో ఉండే మొదలు భాగాన్ని, నొక్కి పట్టి ఉంచుతుంది. చాకు తెరిచినా, మూసినా స్ప్రింగు వీపు పక్క రేకులతో సమానంగా ఉండాలి, వేలితో తడిమితే ఎక్కడా తగలకూడదు. అందుకని ఆయన తాత్కాలికంగా పిన్నులు పెట్టి కూర్చాడు, చూశాడు, మళ్లీ విప్పాడు, ఆకురాయితో మడమని రెండు రుద్దులు రుద్దాడు, మళ్లీ కూర్చాడు. వెంట్రుకవాసి ఎక్కువ అరిగితే ఆ బ్లేడు ఇక పనికిరాదు. సరిపోయాక మూస్తే టక్‌మని పడింది. ఆ శబ్దాన్ని బట్టే వీళ్లు చాకు మంచిచెడ్డలు చెబుతారు. చివరికి పిన్ను తలని సుత్తితో సాగగొట్టి, అరగదీసి, మెరుగు పెట్టాడు. పిన్ను ఎక్కడుందో ఎంత వెతికినా కనిపించలేదు.

నా ప్రశ్నకి జవాబు ఇదేననిపించింది. ఈ చాకులో ఏ ముక్కా ఇంకో చాకుకి సరిపోదు. ఈ బ్లేడు ఈ స్ప్రింగు కోసమే అరిగింది. ఆధునిక చాకు సంగతి వేరు. యంత్రం కోసిన ముక్కలు, స్క్రూలు, ఒక్క చేత్తో తెరవడానికి బ్లేడులో రంధ్రం, జేబుకి తగిలించే క్లిప్పు, తెరవగానే పడే లాక్. ఆ రంధ్రాన్నీ క్లిప్పునీ కలిపి 1981లో స్పైడెర్కో అనే అమెరికా కంపెనీ తెచ్చాక లోకమంతా ఆ దారే పట్టింది. అవి గట్టివే, పనికొచ్చేవే. కానీ పాత చాకుని రెండు చేతులతో, గోటితో గాడి పట్టుకుని తెరవాలి. ఆ నిదానం నాకు నచ్చుతుంది.

చట్టం కూడా దాదాపు ఇక్కడే గీత గీసింది. 1988 చట్టం ప్రకారం ఇంగ్లండ్‌లో అంచు 3 అంగుళాలు మించని మడత చాకుని ఏ కారణం చెప్పకుండానే జేబులో పెట్టుకోవచ్చు. లాక్ పడే చాకు ఈ మినహాయింపులోకి రాదని తర్వాత కోర్టులు తేల్చాయి.

పిడుల దగ్గర కాస్త బాధేసింది. ఒకప్పుడు ఇక్కడి మేలురకం పిడులు మన దేశపు సాంబర్ జింక కొమ్ములతో చేసేవారు. ఆ ఎగుమతిని భారత్ ఆపేసింది, అది సరైన పనే. ఇప్పుడు మిగిలిన పాత కొమ్ము ముక్కల్ని బంగారంలా దాచుకుంటున్నారు.

నేను చెక్క పిడి ఉన్న లాంబ్‌ఫుట్ కొన్నాను. అంచు తిన్నగా ఉండే ఈ రకాన్ని ఇక్కడి రైతులు ఇష్టపడేవారు. కార్బన్ ఉక్కు కాబట్టి మామిడికాయ కోస్తే నల్లబడుతుంది. తుడిచి, మడత దగ్గర ఒక చుక్క నూనె వేస్తే చాలు. మీరూ వెళ్తే షెపర్డ్ వీల్ ఏ రోజుల్లో తెరుస్తారో ముందే చూసుకోండి, అది రోజూ ఉండదు. కొన్న చాకుని విమానంలో చెక్-ఇన్ బ్యాగులోనే పెట్టండి.